మిషన్లకు బొట్టు పెట్టిన ఏడాది

ఆ దసరాకు మా కాలేజీలో కంప్యూటర్లకు బొట్టు పెట్టారు, నాకు నామం పెట్టారు. పెట్టినవాళ్లలో పరాయివాళ్లున్నారు, మావాళ్లూ ఉన్నారు. పరాయివాళ్ల మీద కోపం ఎప్పుడో చల్లారింది.

రెండువేల మూడు. నేను బీటెక్ మూడో సంవత్సరం. ఖమ్మం దాటాక పత్తి చేలు కొని కట్టిన కాలేజీ అది. మాది కుసుమంచి దగ్గర తండా. మా అన్న కోటేష్ అదే కాలేజీలో ల్యాబ్ అటెండరు. తాళాలు తియ్యడం, దుమ్ము తుడవడం, చెప్పులు బయట విప్పని పిల్లల్ని కసరడం అతని పని. ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. బస్సు దిగాక మాత్రం అతను ముందు, నేను వెనక, ఎవరికి ఎవరమో తెలియనట్టు నడిచేవాళ్లం. అయినా క్లాసులో నా పేరు హేమలత అని చాలామందికి తెలియదు, అటెండర్ చెల్లెలనే తెలుసు.

యునిక్స్ ల్యాబ్ ఆ ఏడే పెట్టారు. హైదరాబాద్‌లో ఏదో కంపెనీ మూతపడితే, మా చైర్మన్ వెంకటనారాయణ గారు దాని వర్క్‌స్టేషన్లు కొని లారీలో వేయించుకొచ్చారు. బండల్లాంటి తెరలు, రంగు మారిన కీబోర్డులు. మౌస్‌తో బొమ్మలు నొక్కడానికి అలవాటు పడ్డ మా క్లాసు, ఆ నల్లటి తెర మీద మిణుకుమనే గీతను చూసి బిక్కమొహం వేసింది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కయినా కనిపించదు. కీబోర్డు పాడైపోయింది సార్ అని సగం మంది చేతులెత్తారు. నాకు మాత్రం ఆ మిషన్ నచ్చింది. పని సరిగ్గా చేస్తే అది ఒక్క మాట కూడా అనదు, మెదలకుండా కొత్త లైను ఇస్తుంది. మా నాన్నదీ అదే తత్వం. మేం లంబాడీలం, నాన్నను బా అంటాం, అమ్మను యాడి అంటాం. చేను సరిగ్గా కలుపు తీస్తే మా బా నోరు విప్పడు, తీయకపోతేనే విప్పుతాడు.

మిషన్లు తక్కువ కాబట్టి ఇద్దరికి ఒకటి. నా జోడీ హైమ. సత్తుపల్లి వైపు మోతుబరి రైతు కూతురు, చైర్మన్‌ గారిని పెదనాన్నా అని పిలిచే చుట్టరికం. మొదట్లో కీబోర్డు నన్ను ముట్టనిచ్చేది కాదు. "నువ్వు చెప్పు, నేను కొడతా" అనేది. కొన్నాళ్లకు విసుగొచ్చి "నువ్వే కొట్టేయ్ హేమా, నేను చూస్తా" అంది. తర్వాత చూడ్డం కూడా మానేసి పక్కన కూర్చుని గోళ్లకు రంగు వేసుకునేది. అలా ఆ కుర్చీ నాదైంది. వినాయకచవితి నాటికి క్లాసులో ఎవరి ప్రోగ్రాం ఆగిపోయినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. పిలిచేటప్పుడు మాత్రం "ఏయ్, ఇటు రా" అనే పిలిచేవాళ్లు. నాకేం పట్టేది కాదు. నా బతుకు ఈ మిషన్ల ముందే అని గట్టిగా అనుకున్నాను. ఆ కుర్చీ, దాని వెనకాల వచ్చే డిగ్రీ, అవి తప్ప నాకు ఇంకేదీ అక్కర్లేకపోయింది.

ల్యాబ్ ఇన్‌ఛార్జి చెంచురామయ్య సార్ మంచివాడు. మంచితనం తన మెడకు చుట్టుకోనంత వరకు మంచివాడే. అందరి ప్రోగ్రాములూ, ఫైనలియర్ వాళ్ల ప్రాజెక్టులూ అద్దాల గదిలో ఉన్న పెద్ద మిషన్‌లో ఉండేవి. సర్వర్ అంటారు. దాని గురించి మొదటిరోజే చెప్పాడు.

"అమ్మా, దీన్ని ఫ్యాను కట్టేసినట్టు కట్టెయ్యగూడదు. ముందు ఆగమని చెప్పాల. అది లోపల పనంతా సర్దుకుని, ఆగాను అని తెర మీద చెప్తది. అప్పుడు స్విచ్చి. మధ్యలో కరెంటు తీస్తే డిస్కు పాడవుద్ది, ఇంక ఏడ్చుకోవడమే."

ఆగమని చెప్పడానికి రూట్ అనే పెద్ద పాస్‌వర్డ్ కావాలి. ఆ ముసలి మిషన్ ఆగడానికి చాలాసేపు పట్టేది, సార్‌కేమో బస్సు తప్పిపోయేది. అందుకని ఒకరోజు ఆ పాస్‌వర్డ్ నా చెవిలో చెప్పేశాడు. ఆ రోజు నుంచి సాయంత్రాలు సర్వర్‌ని ఆపేది నేనే.

దసరాకు సార్ భద్రాచలం అవతల అత్తగారి ఊరికి పోయాడు. అడవిలో ఊరు, ఫోను లేదు. పోతూ పోతూ "ఫైనలియర్ వాళ్ల పనికని సర్వర్ నడవనిచ్చి పోతున్నా, పూజకు ముందు నువ్వొచ్చి ఆపమ్మా" అని నాకు పని చెప్పిపోయాడు. పండుగ పూట నేనూ అన్నా కాలేజీకి పోయి మిషన్లన్నీ తుడిచి, బంతిపూల దండలు వేశాం. సర్వర్‌కు ఆగమని చెప్పి, నేను దాని తెర ముందు కూర్చున్నాను. అప్పుడే చైర్మన్ గారు పట్టు పంచెలో వచ్చారు. వెంట పంతులు, తాంబూలం పళ్లెంతో హైమ.

మా వైపు ఆయుధపూజకు ఒక పద్ధతి ఉంది. నాగలి గానీ, లారీ గానీ, కుట్టుమిషన్ గానీ, ఆగి ఉన్నదానికే బొట్టు పెడతారు. నడుస్తున్నదానికి పెట్టరు. సర్వర్ ఇంకా గురగురమంటోంది.

"దుర్ముహూర్తం వచ్చేస్తోందండీ" అన్నాడు పంతులు.

"ఏంటమ్మా అది, ఇంకా ఆగదా?" అన్నారు చైర్మన్ గారు.

"ఇంకొంచెం సేపు సార్. లోపల సర్దుకుంటున్నది. ఆగినంక అదే చెప్తది."

"అది చెప్పేదేంటి మనకి? ఒరేయ్ కోటేషూ, దాని కరెంటు తియ్యి."

అన్న యూపీఎస్ దగ్గరికి పోయాడు. వేలు బటన్ మీద పెట్టాడు.

"భియా, ఆగు. డిస్క్ పోతది" అన్నాను. అంతమందిలో అన్నను మా లంబాడీ మాటతో పిలిచానని నోట్లోంచి వచ్చాకే తెలిసింది.

అన్న నన్ను చూశాడు. చైర్మన్ గారిని చూశాడు. నొక్కాడు.

గురగుర ఆగిపోయింది. "ఇప్పుడు బాగుంది" అన్నారు చైర్మన్ గారు. పంతులు సర్వర్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. హైమ అందరికీ పులిహోర పెట్టింది. నేనూ తిన్నాను.

సెలవులయ్యాక సర్వర్ లేవలేదు. తెర మీద ఏవో లైన్లు బారులుబారులుగా పోయి, ఒకచోట బిగుసుకుపోయేది. సార్ మళ్లీ ఆపి, మళ్లీ వేసి, చొక్కా తడిసిపోయేదాకా చూశాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు డిస్కు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, పెదవి విరిచాడు. ఫైనలియర్ ప్రాజెక్టులన్నీ పోయాయి. వాటన్నిటికీ ఎప్పటికప్పుడు టేపు మీద కాపీ తీసి ఉంచడం సార్ పని. ఎండాకాలం నుంచి ఆయన ఒక్క కాపీ కూడా తీయలేదు.

యూనివర్సిటీ వాళ్లు వచ్చి ప్రాజెక్టులు చూసే రోజు దగ్గరపడింది. తల్లిదండ్రులు వచ్చి కాలేజీ గేటు ముందు కూర్చున్నారు. వాళ్లకు ఎవరినో ఒకరిని చూపించాలి.

ప్రిన్సిపాల్ గదిలో ఎంక్వయిరీ పెట్టారు. చైర్మన్ గారు, సార్, హైమ కుర్చీల్లో. నేనూ అన్నా నిలబడి. ఎవరు ఆపారని ప్రిన్సిపాల్ నన్నడిగాడు.

"చైర్మన్ సారు తియ్యమన్నరు. మా అన్న తీసిండు. నేను ఆగమన్న" అన్నాను.

అరుస్తారనుకున్నాను. చైర్మన్ గారికి కోపమే రాలేదు. తాపీగా హైమ వైపు తిరిగారు. "నువ్వక్కడే ఉన్నావు కదమ్మా, ఏం జరిగింది?"

"నేను పళ్లెం పట్టుకుని ఉన్నాను పెదనాన్నా. చూళ్ళేదు."

"రూట్ పాస్‌వర్డ్ ఈ అమ్మాయికి ఎలా తెలిసింది?" అని ప్రిన్సిపాల్, చెంచురామయ్య సార్‌ను అడిగాడు.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నేను కొడుతుంటే వెనకనుంచి చూసుంటదండి. పిల్ల చురుకైందే" అన్నాడు.

ఇక మిగిలింది మా అన్న. నాకేం భయం లేదు. పుట్టినప్పట్నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్లం.

"చెల్లె మిషన్ ముంగట కూసున్నది సార్" అన్నాడు అన్న, తలుపు వైపు చూస్తూ. "ఏందో కొట్టింది. గంతల్నే ఆగిపోయింది."

విడివిడిగా చూస్తే అందులో పెద్ద అబద్ధమేమీ లేదు. కూర్చున్నాను, కొట్టాను, ఆగిపోయింది. ఇంత నున్నగా మాట్లాడటం మా అన్నకు రాదు. ఎవరో కూర్చోబెట్టి నేర్పారు. మీ నాన్నను తీసుకొని రా అని నన్ను పంపేశారు.

బస్సులో అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్?"

"నన్నయితే ఇయ్యాలనే ఎల్లగొడ్తరు హేమా. స్టూడెంట్‌ను యాడ తీసేస్తరు? రెండు తిట్లు తిట్టి ఊకుంటరు" అన్నాడు. అని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నిజంగానే అలా నమ్మాడో, నమ్మినట్టు నటించాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైతేనేం, నన్ను ముంచాడు.

మర్నాడు బా తలకు తెల్ల రుమాలు చుట్టుకుని నాతో బయల్దేరాడు. ఆయన పేరు దస్రు. తండా పంచాయితీలో ఆయన మాటకు విలువుంది. దారి పొడుగునా జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్నీ విని, "ఎవరు జేస్తే ఏంది బిడ్డా. నేను జూస్కుంట గద" అన్నాడు.

మా తండాలో పంచాయితీ ఎట్లా జరుగుతుందో చెప్పాలి. వాదించినకొద్దీ దండుగ పెరుగుతుంది. ఎవరు ముందుగా రుమాలు తీసి పెద్దమనుషుల ముందు పెట్టి తప్పయిందంటారో, వాళ్లకు తక్కువతో పోతుంది. అన్నాక "లే, అయిపోయింది" అని పెద్దమనిషి రుమాలు తీసి మళ్లీ తలకు చుడతాడు. అందరూ కలిసి తాగి, తిని లేస్తారు. ఆ తర్వాత ఆ తప్పును ఎవరూ ఎత్తకూడదు. మా బా ఎన్నో తగాదాలు అట్లాగే తెంపాడు.

ప్రిన్సిపాల్ నోరు తెరవకముందే బా రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"తప్పయింది దొరా. మా పిల్లదే తప్పు. మీరేమంటే గదే."

గదిలో వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లు రోజంతా వాదించడానికి తయారై ఉన్నట్టున్నారు. ప్రిన్సిపాల్ గబగబా కాగితం రాయించాడు. బా వేలిముద్ర వేశాడు. నేను అడ్డంపడి "బా, వద్దు" అంటే, చేత్తో నన్ను పక్కకు జరిపాడు. తనకు తెలిసిన పని చేస్తున్న ధీమా ఆయన మొహంలో కనిపిస్తోంది.

వేలిముద్ర వేశాక బా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రుమాలు ఎవరైనా తీసి తలకు చుడతారని చూస్తున్నాడు. ఎంతసేపటికీ ఎవరూ తీయలేదు. చైర్మన్ గారు వాచీ చూసుకున్నారు. "ఇంకా ఏంటి నిలబడ్డాడు?" అన్నారు. అటెండర్ వచ్చి, అంటే మా అన్నే వచ్చి, బల్ల తుడవడానికి అడ్డమని రుమాలు తీసి బా చేతిలో పెట్టాడు.

బయటికి వచ్చాక ఆఫీసులో నా టీసీ ఇచ్చారు. బా చదువుకోలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇడిచిపెట్టిన్రా?" అని అడిగాడు.

"ఇడిచిపెట్టిన్రు బా" అన్నాను.

సంగతి ఏమిటో ఇంటికి పోయాక చెప్పాను. మా యాడి, మంగ్లి, ముందు కాసేపు ఏడ్చింది. నేను మళ్లీ పోయి నిజం చెప్పిస్తా, అన్నతో చెప్పిస్తా అనేసరికి ఏడుపు ఆపేసింది.

"ఇప్పుడు పోయి మళ్ల చెప్తే వాని నౌకరి పోతది" అంది. "నీదెట్లనో పాయె. వానిది గూడ పోగొడ్తవా?"

నా చదువు ఎట్లనో పోయిందట. చెప్పు తెగిపోతే అన్నట్టు అన్నది. ఆ వారంలోనే అన్నను ల్యాబ్ అసిస్టెంట్ చేశారు. యాడి తండాలో ఇంటింటికీ పోయి చెప్పుకొచ్చింది.

నేను చేను పనిలో పడ్డాను. పత్తి అయిపోయింది, మిర్చి ఎరుపెక్కింది. పొద్దంతా కాయలు కోస్తే చేతులు మంటలు పుట్టి, మొహం కడుక్కోవడానికి కూడా భయం వేసేది. కాలేజీకి కొత్త సర్వర్ వచ్చిందని అన్న బాకు చెప్తుంటే విన్నాను. నాతో చెప్పలేదు. నాతో మాట్లాడాల్సిన అవసరం అతనికి మాఘమాసంలో పడింది.

అటెండర్ పని వేరు, అసిస్టెంట్ పని వేరు. సర్వర్‌ను లేపాలి, ఆపాలి, కొత్త పిల్లలకు లాగిన్లు ఇవ్వాలి. మా అన్నకు మిషన్ తుడవడమే వచ్చు. నేర్పమని చెంచురామయ్య సార్‌ను అడిగితే, ఆయన ఏమన్నాడో తెలుసా? "మీ చెల్లెలికి వచ్చు కదయ్యా. ఇంట్లోనే ఉందిగా, నేర్చుకో" అన్నాడట. అన్న ఆ మాటను ఉన్నదున్నట్టు ఇంట్లో చెప్పాడు. సిగ్గయినా పడలేదు.

"నేర్పను" అన్నాను.

"నేర్పకపోతే ఎట్ల?" అంది యాడి. "వానికి రాకపోతే తీసేస్తరట. నీకు ఊర్కనే కూసుండి చెప్పేదానికేం కష్టం?"

బా తల తిప్పి నా వైపు చూశాడు. ఆ పంచాయితీ తర్వాత ఆయన నా మొహం చూడటం అదే మొదలు. "నేర్పు బిడ్డా" అన్నాడు. ఆయన మాట కాదనలేకపోయాను. దానికి కూడా నా మీద నాకు మంటే.

ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది? పేడతో అలికిన నేల మీద ముగ్గుపిండితో కీబోర్డు గీశాను. మీటలన్నీ గీసి, ఒక్కోదాంట్లో ఒక్కో అక్షరం రాశాను. అన్న దాని ముందు గొంతుక్కూర్చుని, వేలితో ఒక్కోటీ ఒత్తేవాడు. నేను పక్కన మిర్చి తొడిమలు తీస్తూ చెప్పేదాన్ని. లోపలికి ఎట్లా పోవాలి, ఏమేం ఉన్నాయో ఎట్లా చూడాలి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఎట్లా నడవాలి. ఆపేటప్పుడు ఎంతసేపు ఆగాలి. అది చెప్తున్నప్పుడు అన్న తలెత్తలేదు.

నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. "గాడిదా, మధ్యల జాగ ఇడవమంటే ఇడవవేందిరా? చేతులా, రోకళ్లా?" పెద్దవాడని కూడా చూడలేదు. అన్నీ పడ్డాడు. నౌకరీ కోసం ఎన్నయినా పడతాడు.

ఆ మిషన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టే కమాండ్ ఒకటి ఉంది. చాలా పొట్టిది, మా అన్నకు కూడా గుర్తుండేంత. కొడితే తిట్టదు, అడగదు, మెదలకుండా కొత్త లైను ఇస్తుంది. అది ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో నాకే తెలుసు. చెప్పలేదు. మంచితనమేం కాదు. వాడి నౌకరీ పోతే మళ్లీ నేనే దోషినవుతానని తెలుసు కాబట్టి చెప్పలేదు.

ఒకరోజు పొద్దుగూకేటప్పుడు అన్న అడిగాడు. "ఎవరన్న కాలేజీ ఇడిచిపోతే, మిషన్ల ఉన్న వాళ్ల లాగిన్ ఎట్ల తీసెయ్యాలె?"

తొడిమలు తీసే చెయ్యి ఆగింది. కొత్త సర్వర్‌లో యూనివర్సిటీ నంబర్ల ప్రకారం మా క్లాసు మొత్తాన్నీ ఎక్కించారని, అందులో నాదీ ఉండిపోయిందని అప్పుడు అర్థమైంది. అన్ని నెలలు ఆ కాలేజీలో నేనింకా ఉన్నానన్నమాట. ఎవరూ చూసుకోలేదు.

"ఎవరు పోయిన్రు?" అన్నాను.

"సార్ తియ్యమన్నడు" అన్నాడు, నేలను చూస్తూ.

చెప్పాను. "యూజర్‌డెల్. జాగ ఇడువు. తర్వాత లాగిన్ నంబర్. నంబర్ రెండుసార్లు సూస్కో, తీసినంక మళ్ల రాదు."

"ఒకసారి కొట్టి జూస్త" అన్నాడు. వేలు ముందుకు చాపి, ముగ్గు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. జాగ విడిచాడు. ఈసారి మర్చిపోలేదు. తర్వాత నా నంబర్ కొట్టాడు. చివరి అంకె తప్పుపోయింది.

"అది కాదు. పక్కది" అన్నాను.

పక్కది కొట్టాడు.

మర్నాడు అన్న హుషారుగా ఇంటికొచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం. సార్ వెనకాల నిలబడి చూశాడట, ఒక్క తప్పు లేకుండా చేశావని భుజం తట్టాడట. ఇంక నిన్నెవరూ కదిలించలేరు అన్నాడట. బా తృప్తిగా తల ఊపాడు. యాడి జిలేబీ తుంచి ముందు అన్న నోట్లో పెట్టింది, తర్వాత నా నోట్లో పెట్టింది. నా తల నిమిరింది. ఆమె కళ్లల్లో నీళ్లు. నా మీద ప్రేమతోనే, అబద్ధం చెప్పకూడదు.

"సూసినవా బిడ్డా, నువ్వు సదివిన సదువు యాడికి పోలే" అంది. "మీ అన్నకే అక్కరకొచ్చింది."

నేను లేచి వెళ్లి నేల మీది కీబోర్డును కాలితో చెరిపేశాను. అక్షరాలన్నీ కలిసి తెల్లటి మరక అయింది.

"అయ్యో, గదెందుకు చెరిపినవే?" అంది యాడి. "రేపు వాడు ఇంకేమన్న నేర్సుకోవాల్నంటే ఎట్ల?"

లోపలికి పోయి ముగ్గుపిండి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. మళ్లీ గీశాను.